వెల్లింగ్టన్‌లో మద్రాస్ రెజిమెంట్ మ్యూజియం చూసొచ్చాం, తాతయ్య పతకాల మీద ఒక డౌట్

నాగావళి | శనివారం, రాత్రి 9:12

అందరికీ నమస్తే. ఊటీ వెళ్ళినవాళ్ళంతా గార్డెనూ బోటింగూ చూసుకుని, చాక్లెట్లు కొనుక్కుని దిగిపోతారు కదా, మేమూ అంతే చేసేవాళ్ళం. కానీ మా పెదనాన్న కొడుక్కి ఇప్పుడు వెల్లింగ్టన్‌లో పోస్టింగ్. కూనూరు పక్కనే, కొండ రైలు కూడా ఆగుతుంది అక్కడ. "ఇంత దూరం వచ్చి మా సెంటర్ చూడకుండా పోతారా" అని పర్మిషన్ గొడవంతా తనే చూసుకుని మమ్మల్ని రెజిమెంట్ మ్యూజియంకి తీసుకెళ్ళాడు.

మావాడికి తొమ్మిదేళ్ళు. లోపలికి అడుగు పెట్టగానే "ట్యాంకులేవి?" అన్నాడు. ఇది ఇన్‌ఫాంట్రీరా, కాలినడక సైన్యం, వీళ్ళకి బూట్లే ట్యాంకులు అని మా అన్నయ్య చెప్తే మొహం మాడ్చుకున్నాడు. నిజానికి నాకూ మొదట పది నిమిషాలు ఏం చూడాలో తెలియలేదు. పాత తుపాకులు, యూనిఫారాలు, వరసగా గ్రూప్ ఫొటోలు, వాటిలో కుర్చీల మీద కూర్చున్న దొరలు, వెనక నిలబడ్డ మనవాళ్ళు. ఎక్కడ చూసినా ఏనుగు బొమ్మ. ఏనుగు ఎందుకో మావాడు ఐదుసార్లు అడిగాడు. మా అన్నయ్య ఏదో యుద్ధం పేరు చెప్పాడు, నేను వినలేదు, ఎందుకంటే అప్పటికే పతకాల పెట్టె దగ్గర ఇరుక్కుపోయాను.

అందులో ఒకటి అచ్చం మా తాతయ్య దగ్గర ఉన్నలాంటిది. ఆరు కోణాల నక్షత్రం, ఇత్తడి రంగు, మధ్యలో కిరీటం. మా ఇంట్లో అదొకటి, గుండ్రంది ఇంకోటి ఉన్నాయి. గుండ్రందాని మీద సింహం ఏదో జంతువుని తొక్కి నిలబడి ఉంటుంది. తాతయ్య 1943లో ఇంట్లో చెప్పకుండా పటాలంలో చేరిపోయి బర్మా వెళ్ళాడట. తుపాకీ పట్టి జపాను వాళ్ళతో కొట్లాడాడని మా ఇంట్లో అందరం చెప్పుకుంటాం, నాన్న అయితే చిన్నప్పుడు స్కూల్లో దాని మీద వ్యాసం రాసి ప్రైజు కూడా కొట్టాడు. తాతయ్య మాత్రం యుద్ధం గురించి ఎవరు అడిగినా ఒకటే మాట: "బురదంటే మనూరి బురద కాదర్రా, తాము బురద." ఆ 'తాము' ఏమిటో ఎవరికీ అర్థమయ్యేది కాదు. పెద్దవాడైపోయాడు, మాట తడబడుతోంది అనుకునేవాళ్ళం.

నా డౌట్: తాతయ్యది మద్రాస్ రెజిమెంటేనా? పతకం చూసి ఎలా తెలుసుకోవాలి? కాగితాలు ఒక్కటీ లేవు, తుఫానుకి ఇల్లు కారినప్పుడు పోయాయి.

మాజీ హవల్దార్ | శనివారం, రాత్రి 10:05

అమ్మా, నేను ట్రైనింగ్ చేసింది అదే సెంటర్లో. రిక్రూటుగా ఉన్నప్పుడు మమ్మల్నీ మ్యూజియంకి తీసుకెళ్ళారు. నాలుగు రోజులుగా సరిగ్గా నిద్ర లేదు, ఉస్తాద్ అసాయే యుద్ధం గురించి చెప్తుంటే నేను నిలబడే నిద్రపోయాను. తర్వాత ఆయన నా చేత గ్రౌండ్ చుట్టూ ఎన్ని రౌండ్లు కొట్టించాడో చెప్పను గానీ తేదీ మాత్రం ఇప్పటికీ మర్చిపోలేదు: 1803 సెప్టెంబర్ 23. అటు సింధియా, భోంస్లేల సైన్యం, ఇటు వెల్లెస్లీ అనే కుంఫిణీ (ఈస్టిండియా కంపెనీ) జనరల్ కింద మద్రాసు పటాలాలు. గెలిచినందుకు గుర్తుగా ఆ పటాలాలకి ఏనుగు బొమ్మ ఇచ్చారు. మీవాడికి చెప్పండి, అదే ఆ ఏనుగు. ఆ వెల్లెస్లీయే తర్వాత డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్ అయ్యాడు, మీరు వెళ్ళొచ్చిన ఊరికి ఆయన పేరే. అంతకుముందు ఆ కొండని జక్కతల అనేవాళ్ళు.

ఇక పతకాలు. మీరు చెప్పిన నక్షత్రం బర్మా స్టారే అయి ఉంటుంది, రిబ్బన్ మిగిలి ఉంటే ముదురు నీలం, మధ్యలో వెడల్పుగా ఎర్ర చార, అటూ ఇటూ సన్నగా నారింజ. గుండ్రంది వార్ మెడల్ 1939–45, సింహం కాళ్ళ కింద ఉన్నది రెండు తలల డ్రాగన్. బ్రిటిష్ సైనికులకి ఆ యుద్ధంలో ఇచ్చిన స్టార్ల మీద పేర్లు చెక్కలేదు, మన ఇండియన్ సైనికులవాటి మీద చెక్కారు. నక్షత్రం వెనక వైపు నున్నగా ఉంటుంది, అక్కడ చూడండి. గుండ్రందానికి అంచు మీద చుట్టూ చూడండి. నంబరు, ర్యాంకు, పేరు, చివర యూనిట్ పొట్టి అక్షరాల్లో ఉంటాయి. ఆ చివరి అక్షరాలే మీక్కావలసిన జవాబు.

ఎర్రమట్టి | శనివారం, రాత్రి 11:31

ఎవరూ ఏమీ అనుకోకండి. మరాఠాల మీద తెల్లవాడి తరఫున గెలిచినందుకు ఇచ్చిన ఏనుగుని ఇవాళ్టికీ టోపీ మీద పెట్టుకోవడం నాకు ఎబ్బెట్టుగానే ఉంటుంది. ఈ మ్యూజియంలన్నీ అంతే. 1758లో మొదలు, మాది అన్నిటికంటే పాత ఇన్‌ఫాంట్రీ రెజిమెంట్ అంటారు, 1758 అంటే ఎవరి పటాలం అండీ? కుంఫిణీ పటాలమే కదా. జీతానికి పోయి సాటివాడి మీద తుపాకీ పెట్టడానికి గాజు పెట్టెలెందుకు.

చందుర్తి పక్కూరు | ఆదివారం, ఉదయం 6:48

1758 అన్నారు కాబట్టి. ఆ ఏడాది డిసెంబర్‌లోనే మా చందుర్తి దగ్గర యుద్ధం జరిగింది, గొల్లప్రోలు పక్కన. ఒకవైపు కర్నల్ ఫోర్డ్, ఇంగ్లీషు వాళ్ళు, విజయనగరం ఆనంద గజపతి రాజు. ఇంకోవైపు కాన్‌ఫ్లాన్స్ కింద ఫ్రెంచివాళ్ళు. ఇద్దరి దగ్గరా తెల్లవాళ్ళు కొన్ని వందలే, మిగతా వేలమంది సిపాయిలు. అంటే రెండు వైపులా చచ్చింది ఎక్కువగా మనవాళ్ళే. ఫ్రెంచివాళ్ళు ఓడిపోవడంతో మరుసటి ఏడాది మచిలీపట్నం కూడా పోయింది, ఉత్తర సర్కారులు ఇంగ్లీషు వాళ్ళ చేతికి రావడానికి దారి పడింది అక్కడే. ఇప్పుడు అక్కడ పొలాలే. మా ఊళ్ళో సగం మందికి తెలియదు ఆ సంగతి. కనీసం గాజు పెట్టె ఉంటే తెలిసేదేమో అన్నది నా బాధ.

ఆ రోజు నిలబడ్డవాళ్ళలో ఎంతమంది ఫ్రెంచి రాజు కోసం, ఎంతమంది ఇంగ్లీషు రాజు కోసం నిలబడి ఉంటారంటారు? జీతం టైముకి ఎవడిస్తే వాడి వైపు. మన కాలం కొలబద్ద పెట్టి కొలిస్తే ఎవరూ నిలవరు.

నాగావళి | ఆదివారం, ఉదయం 9:20

థాంక్స్ హవల్దార్ గారు. పతకాలు ఊళ్ళో ఉన్నాయి, నాన్నకి ఫోన్ చేసి చెప్పాను, కళ్ళజోడు పెట్టుకుని చూసి చెప్తానన్నాడు.

ఎర్రమట్టి గారు, మీ ప్రశ్న నాకూ వచ్చింది, కానీ గర్వం దగ్గర కాదు, బట్టల దగ్గర వచ్చింది. కుంఫిణీ కాలం సిపాయి బొమ్మ ఒకటి గీసి ఉంది. పైన ఎర్ర కోటు, అచ్చం ఇంగ్లీషు సోల్జరు కోటే, ఇత్తడి బొత్తాలతో. కింద చూస్తే తొడల దాకా ఉన్న చెడ్డీ, కాళ్ళకి చెప్పులు. నడుం పైన లండన్, నడుం కింద మన ఊరు. మావాడు పగలబడి నవ్వాడు. నాకు మాత్రం ఆ కోటు లోపల మే నెలలో ఆ మనిషికి ఎలా ఉండేదో అని అక్కడే కాసేపు నిలబడిపోయాను.

తర్వాత మా అన్నయ్య మస్కెట్ గురించి చెప్పాడు, అప్పుడుగానీ మావాడికి ఆసక్తి పుట్టలేదు. మందు, గుండు కలిపి కాగితం గొట్టంలో చుట్టి ఇచ్చేవాళ్ళట, దాన్ని పళ్ళతో చింపి, కొంచెం మందు తుపాకీ గుర్రం (నిప్పు రవ్వ పుట్టించే మీట) దగ్గర పోసి, మిగతాది గొట్టంలో పోసి, కడ్డీతో దట్టించి పేల్చాలి. చెయ్యి తిరిగినవాడు నిమిషానికి మూడుసార్లు. ముందు పళ్ళు లేనివాడు ఈ పనికి పనికిరాడని చెప్పగానే మావాడు, వాడికి రెండు ఊడి ఉన్నాయి లెండి, నోరు మూసేసుకున్నాడు.

పాత సంచి | ఆదివారం, మధ్యాహ్నం 1:15

ఈ చర్చలో ఒక మాట రావాలి, ఇంకా రాలేదు: తిలంగా.

ఉత్తరాదిలో కుంఫిణీ సిపాయిని చాలాకాలం తిలంగా అనేవాళ్ళు. 1857లో ఢిల్లీలో తిరగబడ్డ సిపాయిల గురించి రాసిన ఉర్దూ కాగితాల్లో కూడా వాళ్ళ పేరు తిలంగాలే. వాళ్ళలో ఎక్కువమంది అవధ్, బీహార్ మనుషులు, తెలుగు ముక్క రాదు. మరి ఆ పేరెందుకంటే 1756–57లో క్లైవ్ మద్రాసు నుంచి బెంగాల్ వెళ్ళేటప్పుడు వెంట తీసుకెళ్ళిన సిపాయిల వల్ల. దక్షిణాది నుంచి, తెలుగు దేశం నుంచి వచ్చినవాళ్ళు కాబట్టి వాళ్ళని తిలంగాలన్నారు. వాళ్ళని చూసి అదే మూసలో బెంగాల్‌లో ఎర్ర కోట్ల పటాలం కట్టారు, దాన్ని లాల్ పల్టన్ అన్నారు. పేరు మాత్రం పాత తిలంగాల నుంచి కొత్తవాళ్ళకి అంటుకుంది. అంటే వంద ఏళ్ళ పాటు ఆ కోటు వేసుకున్న ప్రతివాడూ, వాడు ఏ ఊరివాడైనా, పేరుకి మన తెలుగువాడే.

మనకీ అక్కణ్ణుంచి వచ్చిన మాటలు బోలెడు. పటాలం అంటే బెటాలియనే, నోట్లో నలిగి అలా అయింది. హైదరాబాద్ వాళ్ళు సికింద్రాబాద్‌ని లష్కర్ అనేది కూడా దండు దిగిన చోటు కాబట్టే.

ఎర్రమట్టి | ఆదివారం, మధ్యాహ్నం 2:02

తిలంగా సంగతి నాకు తెలియదు, బాగుంది. కానీ నా పాయింట్ పోలేదు. మ్యూజియంలో గెలిచినవే ఉంటాయి. వేలూరు ఉంటుందా? 1806 జులై 10 తెల్లవారుజామున వేలూరు కోటలో తిరగబడింది మద్రాసు సిపాయిలే కదా. కొత్త టోపీ పెట్టుకోమన్నారు, దానికి తోలు ముక్క, బొట్టు పెట్టుకోవద్దు, గడ్డం తీసెయ్యాలి. మాట విననివాళ్ళకి కొరడా దెబ్బలు. 1857కి యాభై ఏళ్ళ ముందు మాట ఇది. ఆర్కాటు నుంచి గిలెస్పీ గుర్రపు దళంతో వచ్చి ఒక్క పూటలో అణిచేశాడు, వందలమందిని చంపేశారు. వాళ్ళవి పతకాలుండవు.

పాత సంచి | ఆదివారం, మధ్యాహ్నం 2:40

పతకాలే కాదు, పటాలాలే లేవు. తిరగబడ్డ మూడు బెటాలియన్లనీ రద్దు చేసి జాబితా నుంచి కొట్టేశారు. రెజిమెంట్ మ్యూజియంకి ఉన్న చిక్కే ఇది. మిగిలి ఉన్న పటాలం తన కథ తను దాచుకుంటుంది. లేకుండా పోయిన పటాలానికి దాచుకునే ఇల్లు ఉండదు. మీ కోపం న్యాయమే, కానీ అది గాజు పెట్టె సర్దినవాడి మీద చూపించాల్సింది కాదు. ఇంకోటి, ఆ టోపీ ఆర్డరు తర్వాత వెనక్కి తీసుకున్నారు, గవర్నర్ బెంటింక్‌నీ, సేనాధిపతి క్రాడక్‌నీ ఇద్దర్నీ వెనక్కి పిలిపించారు. అంటే చచ్చినవాళ్ళు అడిగింది చివరికి ఇచ్చారు, వాళ్ళు చచ్చాక.

దేవదారు | ఆదివారం, సాయంత్రం 5:10

నేను ఉద్యోగరీత్యా ఉత్తరాఖండ్‌లో ఉంటాను, లాన్స్‌డౌన్‌లో గఢ్వాల్ రైఫిల్స్ మ్యూజియం చూశాను. దర్వాన్ సింగ్ నేగీ పేరు పెట్టారు దానికి, 1914 నవంబర్‌లో ఫ్రాన్స్‌లో ఫెస్టుబెర్ దగ్గర విక్టోరియా క్రాస్ వచ్చినాయన. లోపల ఫొటోలు తియ్యనివ్వరు, ఫోన్ బయట పెట్టి వెళ్ళాలి, నాకైతే అదే మంచిదనిపించింది.

చెప్పొచ్చేదేంటంటే, అదే రెజిమెంట్‌లో చంద్ర సింగ్ గఢ్వాలీ కూడా ఉన్నాడు. 1930 ఏప్రిల్ 23న పెషావర్‌లో నిరాయుధంగా ఉన్న జనం మీద కాల్చమంటే ఆయన, ఆయన మనుషులు కాల్చమన్నారు. కోర్ట్ మార్షల్ చేసి యావజ్జీవం వేశారు, 1941 దాకా జైల్లో ఉన్నాడు. 1994లో ఆయన పేర పోస్టల్ స్టాంపు వచ్చింది. ఒకే పటాలం, ఒకే ట్రైనింగ్, అందులోంచే ఇతనూ వచ్చాడు, అతనూ వచ్చాడు. ఇద్దరిలో ఎవరు అసలైన గఢ్వాలీ అని అక్కడి టీ కొట్లో అడిగి చూడండి, నిన్ను వింతగా చూస్తారు.

(ఎడిట్: "కాల్చమన్నారు" అంటే "మేం కాల్చం" అన్నారని. చదివితే తిరగబడి అర్థమొస్తోంది, సారీ.)

మాజీ హవల్దార్ | ఆదివారం, సాయంత్రం 6:30

ఎర్రమట్టి బాబూ, కుంఫిణీ దగ్గరే ఆగిపోకు. 1971 డిసెంబర్‌లో పాకిస్తాన్‌తో యుద్ధంలో బసంతర్ నది దగ్గర 16 మద్రాస్, అంటే మా రెజిమెంట్ పదహారో బెటాలియన్, ఉంది. కమాండింగ్ ఆఫీసర్ లెఫ్టినెంట్ కర్నల్ వేద్ ప్రకాశ్ ఘయీ అక్కడే పోయారు, మహావీర్ చక్ర వచ్చింది. హవల్దార్ థామస్ ఫిలిపోస్‌కీ అదే యుద్ధంలో మహావీర్ చక్ర, ఆయన మిగిలినవాళ్ళని వెంటేసుకుని బయొనెట్లతో పైకి ఉరికాడు. 2016 ఫిబ్రవరిలో సియాచిన్‌లో మంచు కింద ఆరు రోజులుండి ప్రాణంతో బయటికొచ్చి, తర్వాత ఆసుపత్రిలో పోయిన హనుమంతప్ప 19 మద్రాస్. వీళ్ళెవరూ తెల్లవాడి జీతం తిన్నవాళ్ళు కాదు. మా నినాదం "వీర మద్రాసీ, అడి కొల్లు అడి కొల్లు". తమిళం రాని మేం కూడా గొంతు చించుకునేవాళ్ళం. బెటాలియన్లో తెలుగు, తమిళ, మలయాళ, కన్నడ అందరం 'తంబీ'లమే.

ఎవరో పాత జెండాలు కనపడలేదు అంటారేమో. రాజుగారి పేరున్న పాత కలర్స్ అన్నిటినీ 1950 నవంబర్ 23న డెహ్రాడూన్ అకాడమీలో, చెట్‌వుడ్ హాల్‌లో అప్పగించేశారు. రిపబ్లిక్ అయ్యాక రాజు జెండా మోయడం ఎందుకని. కాబట్టి నువ్వన్న మాట మావాళ్ళకి తట్టలేదనుకోకు, ఏది వదలాలో ఏది ఉంచుకోవాలో ఒకరోజు కూర్చుని తేల్చుకున్నారు. ఏనుగుని ఉంచుకున్నారు.

ఎర్రమట్టి | ఆదివారం, సాయంత్రం 6:52

సరే సార్. ఏనుగు మీద ఇంకా ఒప్పుకోను. మిగతావి ఒప్పుకుంటా.

నేత నీడ | ఆదివారం, రాత్రి 8:25

నేను పాత బట్టలు భద్రపరిచే పనిలో ఉన్నాను కాబట్టి ఒక్క మాట. ఇలాంటి చోట్ల చీకటిగా ఉంటుందని, ఏమీ కనపడదని అందరూ తిట్టుకుంటారు. ఉన్ని, పట్టు, అద్దకం రంగులు, వీటిని వెలుతురు తినేస్తుంది. మామూలుగా బట్టకి 50 లక్స్ (లక్స్ అంటే వెలుతురు కొలత) మించకుండా చూస్తాం, మీ ఇంట్లో ట్యూబ్‌లైట్ కింద దానికి కొన్ని రెట్లు ఉంటుంది. ఒకసారి పోయిన రంగు ఏం చేసినా తిరిగిరాదు. పట్టు జెండా అయితే ఇంకా ఘోరం, దాని బరువుకే అది చిరిగిపోతుంది, అందుకే కొన్ని వలలో పెట్టి కుడతారు, కొన్ని నిలబెట్టకుండా పరుస్తారు. లోపలికి వెళ్ళాక ఒక ఐదు నిమిషాలు కళ్ళకి అలవాటు పడనివ్వండి, తర్వాత అన్నీ కనిపిస్తాయి. కోటు చూస్తే ముందు బొత్తాలు కాదు, మోచేతులు, మెడపట్టీ, చంక కింద కుట్లు చూడండి. ఎవడో ఒకడు దాన్ని నిజంగా వేసుకుని చెమటోడ్చాడని తెలిసేది అక్కడే.

నాగావళి గారు, పతకాలు దయచేసి తోమకండి.

నాగావళి | ఆదివారం, రాత్రి 8:41

అయ్యో. అమ్మ ప్రతి దీపావళికీ ఇత్తడి సామాన్లతో పాటు వాటినీ చింతపండు పెట్టి తోమేది. నలభై ఏళ్ళుగా. తాతయ్య ఉన్నప్పుడు కూడా, ఆయన ఎప్పుడూ వద్దనలేదు.

నాన్న ఇప్పుడే ఫోన్ చేశాడు, నక్షత్రం వెనక గీతల్లా ఉన్నాయి కానీ అక్షరాలు తెలియట్లేదట.

నేత నీడ | ఆదివారం, రాత్రి 9:03

తోమినందుకు అమ్మగారిని ఏమీ అనకండి, ఇక మీదట ఆపితే చాలు. చదవడానికి ఒక చిట్కా. గదిలో లైట్లు ఆర్పేసి, ఫోన్ టార్చిని పతకానికి పక్కగా, దాదాపు బల్లకి ఆనించి పట్టుకుని వెలుగు అడ్డంగా పడేలా చూడండి. లోతు ఏమాత్రం మిగిలి ఉన్నా అక్షరాల నీడ లేస్తుంది. వేరే ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసి చూడండి. సున్నం, బూడిద, పెన్సిల్ పొడి లాంటివేవీ రుద్దొద్దు.

నాగావళి | సోమవారం, రాత్రి 10:18

వచ్చింది!! నాన్న, మా తమ్ముడు కలిసి రెండు గంటలు కుస్తీ పట్టారు. ముందు నంబరు, ఐదంకెలో ఆరంకెలో, మధ్యలో ఒకటి అరిగిపోయింది. తర్వాత పి.ఎన్.ఆర్. అని ఉంది. తర్వాత తాతయ్య పేరు, కానీ రాసినవాడి చెవికి ఎలా వినపడిందో అలా, ఇంటిపేరు సగమే ఉంది. చివర ఐ.పి.సి. అని ఉంది. గుండ్రందాని అంచు మీదా అదే. మద్రాస్ అన్న ముక్క ఎక్కడా లేదు.

చందుర్తి పక్కూరు | సోమవారం, రాత్రి 10:25

ఐపీసీ అంటే నాకు సెక్షన్ 420 ఒక్కటే తెలుసు 😄 తాతయ్య ఏం చేశాడు?

మాజీ హవల్దార్ | సోమవారం, రాత్రి 10:50

అమ్మా, అది ఇండియన్ పయనీర్ కోర్. పి.ఎన్.ఆర్. అంటే పయనీర్, ఆ కోర్‌లో సిపాయి ర్యాంకు. ఇన్‌ఫాంట్రీ కాదు. రోడ్లు వేసేవాళ్ళు, విమానాలు దిగడానికి నేల చదును చేసేవాళ్ళు, ఓడల్లోంచీ రైళ్ళలోంచీ మందుగుండు దించేవాళ్ళు.

నాగావళి | మంగళవారం, ఉదయం 7:05

నాన్నకి చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "అంటే కూలి పనా?" అన్నాడు. రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదట, అమ్మ చెప్పింది. డెబ్బై ఏళ్ళ మనిషి, స్కూల్లో రాసిన వ్యాసం గుర్తొచ్చి ఉంటుంది. చెప్పకుండా ఉండాల్సిందేమో. నాకే ఏదోలా ఉంది, మ్యూజియంకి వెళ్ళకపోయినా బాగుండేది.

మాజీ హవల్దార్ | మంగళవారం, ఉదయం 8:40

ఇది నాన్నగారికి చదివి వినిపించండి.

మొదటిది, మీ తాతగారు పయనీర్‌లోకి ఎందుకు వెళ్ళుంటారో. మద్రాసు మనుషులు యుద్ధానికి పనికిరారని 1880ల నుంచీ తెల్ల జనరల్స్ ఒక సిద్ధాంతం పట్టుకున్నారు, అందులో ముందున్నవాడు రాబర్ట్స్, మద్రాసు సేనాధిపతిగా చేసినవాడే. పంజాబ్, గూర్ఖా, పఠాన్ వీళ్ళే 'యోధ జాతులు' అన్నారు. అసాయే గెలిపించిన పటాలాలని ఒక్కొక్కటే తగ్గించుకుంటూ పోయి, 1920లలో మిగిలిన మద్రాస్ రెజిమెంట్‌ని కూడా తీసేశారు. రెండో ప్రపంచ యుద్ధం మీద పడ్డాక మళ్ళీ నిలబెట్టారు. కాబట్టి 1943లో మన ప్రాంతం కుర్రాడు వెళ్ళి నిలబడితే తుపాకీ పట్టే చోట్లు తక్కువ, పార పట్టే చోట్లు ఎక్కువ. అది ఆయన ధైర్యానికి సంబంధించిన సంగతి కాదు.

రెండోది. ఆయన 'తాము బురద' అనేవారన్నారు చూడండి, మొదటి రోజే నాకు వెలగాల్సింది, పతకాల గొడవలో పడి పట్టించుకోలేదు. తాము అంటే ఊరమ్మా. బర్మాలో, మణిపూర్ సరిహద్దు దాటగానే. టాము అనీ అంటారు. ఇంఫాల్ నుంచి పల్లేల్ మీదుగా కొండలెక్కి దిగితే తాము. 1944లో ఇంఫాల్ కోసం అంత యుద్ధం జరిగింది ఆ దారి చుట్టూనే. జపాను వాళ్ళు వెనక్కి తగ్గుతుంటే వర్షాకాలంలోనే వాళ్ళ వెనక పడ్డారు, ఆ వానలో లారీలు ఇరుసుల దాకా దిగబడిపోయేవి. తాము నుంచి ముందుకి రోడ్డు వెయ్యడానికి రాయి దొరక్క గోనె పట్టాలని తారులో ముంచి నేల మీద పరుచుకుంటూ పోయారు. ఇంజనీర్లు, పయనీర్లు, తేయాకు తోటల కూలీలు, అందరూ దాని మీదే. ఆ పట్టా రోడ్డు మీదుగానే బ్రిటిష్ వాళ్ళ పద్నాలుగో ఆర్మీ బర్మాలోకి దిగింది.

నేను పదిహేడేళ్ళు ఇన్‌ఫాంట్రీలో చేశాను. వెనకాల రోడ్డు లేకపోతే ముందున్నవాడికి మూడో రోజుకి తూటా ఉండదు, రొట్టె ఉండదు, దెబ్బ తగిలినవాణ్ణి కిందికి దించే దారి ఉండదు. బర్మా స్టార్‌కి రెండు రకాలు లేవు, తుపాకీ పట్టినవాడికిచ్చిందే మీ తాతగారికీ ఇచ్చారు.

పాత సంచి | మంగళవారం, ఉదయం 9:30

ముసలాయన యుద్ధం గురించి ఒకే ఒక్క మాట చెప్పాడు, అదీ అక్షరాలా నిజం చెప్పాడు. తుపాకీ కథ ఆయన చెప్పింది కాదు, మీరు కట్టింది.

ఇంకా వివరాలు కావాలంటే పయనీర్ కోర్ సెంటర్ బెంగళూరులో ఉంది, నంబరు రాసి ఉత్తరం పెట్టండి, దొరికినా దొరక్కపోయినా పోయేదేమీ లేదు. అరిగిన అంకె ఉన్నచోట గీత పెట్టి అలాగే రాయండి, ఊహించి పూరించొద్దు.

దేవదారు | మంగళవారం, ఉదయం 11:15

వేరే ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నా: యుద్ధంలో పోయి తిరిగిరానివాళ్ళయితే కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ సైట్‌లో పేరుతో వెతకొచ్చు. బర్మాలో శవం దొరకనివాళ్ళ పేర్లు యాంగాన్ దగ్గర తౌక్యాన్‌లో రంగూన్ మెమోరియల్ మీద ఉన్నాయి, దాదాపు 27,000 పేర్లు. మా అమ్మమ్మ అన్నయ్య పేరు నాకు అక్కడే దొరికింది. స్పెల్లింగ్ నాలుగైదు రకాలుగా కొట్టి చూడాలి, ముఖ్యంగా మన పేర్లకి.

నాగావళి | బుధవారం, రాత్రి 9:55

హవల్దార్ గారు, మీరు రాసింది ఫోన్‌లో చదివి వినిపించాను. తాము దగ్గరికి వచ్చేసరికి నాన్న ఆపమన్నాడు. మళ్ళీ మొదటినుంచీ చదవమన్నాడు. గోనె పట్టాల సంగతి రెండుసార్లు అడిగాడు, ఎందుకంటే మా ఇంటి ముందు వానాకాలం బురదలో తాతయ్య ఎప్పుడూ గోనె సంచులు పరిచేవాడు, ఒకదాని అంచు మీద ఇంకోటి కాస్త ఎక్కేలా, వరసగా గేటు దాకా. ఎవరైనా అడ్డదిడ్డంగా పరిస్తే ఊరుకునేవాడు కాదు, లేచొచ్చి మళ్ళీ సర్దేవాడు. చాదస్తం అనుకునేవాళ్ళం.

నాన్న అడగమన్నాడు: ఆ రోడ్డు ఇప్పటికీ ఉందా?

మాజీ హవల్దార్ | బుధవారం, రాత్రి 10:20

ఇంఫాల్ నుంచి మోరే దాకా మన వైపు ఉంది, మోరే దాటితే తాము. ఇప్పటి పరిస్థితుల్లో వెళ్ళమని మాత్రం నేను చెప్పను. మ్యాప్‌లో చూపించండి.

నాగావళి | గురువారం, ఉదయం 8:12

మ్యాప్ ప్రింట్ తీసి పంపమన్నాడు, ఫోన్‌లో చిన్నగా ఉందట. పతకాలు రెండూ తన బీరువాలో పెట్టి తాళం వేసుకున్నాడు, తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నాడు. అమ్మ అడిగితే "చింతపండు చేత్తో నువ్వు దాని జోలికి రాకు" అన్నాడట.